నొక్కితే ఎంతసేపటికి దుంకుతది

టీవీలు బాగుచేసే పనిలో పద్దెనిమిదేళ్ళు, టీవీలు అమ్మే పనిలో పదమూడేళ్ళు గడిపి, ఆ పైన కొన్నాళ్ళు మిక్సీలమ్మి, పోయిన ఏడాది ఇంట్లో కూర్చున్నాను. మొదటి పనిలో చేతులు మసి అయ్యేవి. రెండో పనిలో చేతులు శుభ్రంగానే ఉండేవి, నోరే పాడైంది. షోరూముల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, గేములు ఆడుకోనీకి తక్కువల ఏ టీవీ మంచిది? కస్టమర్‌కు ఏం చెప్పాలె?" అని అడుగుతుంటారు. ఒక మోడల్ నంబరు చెబితే సంతోషంగా పెట్టేస్తారు. నేను నంబరు చెప్పను, ఈ సంగతి చెప్పడం మొదలుపెడతాను. చాలామంది సగంలోనే కట్ చేస్తారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మా షోరూం పటాన్‌చెరులో మెయిన్ రోడ్డు మీద ఉండేది. కింద ఫోన్లు, మొదటి అంతస్తులో టీవీలు, ఆ పైన మిక్సీలు, గ్రైండర్లు, వాషింగ్ మెషీన్లు. టీవీల అంతస్తుకు నేను డెమో ఇన్‌చార్జిని. అంతకుముందు బస్టాండు దగ్గర నాకు సొంత రిపేరు దుకాణం ఉండేది. డబ్బా టీవీలు పోయి పలక టీవీలు వచ్చాక, బాగుచేయించుకోవడం కన్నా కొత్తది కొనుక్కోవడమే నయమనే రోజులొచ్చాయి. దుకాణం మూసి ఇక్కడ చేరాను. టీవీ లోపల ఏముంటుందో తెలిసిన మనిషి అని తీసుకున్నారు. ఆ తెలిసింది ఎవరికీ చెప్పకుండా ఉండటానికే నా జీతమని చేరిన నెలలోనే అర్థమైంది.

మా అంతస్తులో ఒక గోడ నిండా ఇరవై నాలుగు టీవీలు ఉండేవి. ఒక పెట్టె నుంచి ఒకే వీడియో అన్నిటికీ పోయేది. సముద్రం, చిలుకలు, కోసిన పుచ్చకాయ, మళ్ళీ సముద్రం. తెల్లాపూర్ అపార్టుమెంట్ల నుంచి వచ్చేవాళ్ళు హాలు గోడ కొలత ఫోనులో రాసుకొచ్చి, దానికి ఎంత పెద్దది పడుతుందో అడిగేవారు. ఇస్నాపూర్ నుంచి వచ్చేవాళ్ళు ఇందులో తక్కువదేదో అడిగేవారు. చివరకు అందరూ చిలుక ఎరుపు చూసే కొనేవారు. పదమూడేళ్ళలో చిలుకల కోసం టీవీ కొన్న మనిషిని నేను ఒక్కరినీ చూడలేదు కానీ, అందరూ చిలుకను చూసే కొన్నారు.

ఆ ఏడాది ఒక కంపెనీ తక్కువ ధరలో గేమింగ్ టీవీలని ఒక రకం దించింది. నల్ల అట్టపెట్టె మీద ఎర్రటి గీతలు, ఒక మూల గేమింగ్ అని స్టిక్కరు, దాని కింద నూట ఇరవై అని పెద్ద అంకె. మాకు శిక్షణ ఇస్తామని హైదరాబాదులో ఒక హోటలుకు తీసుకుపోయారు. చెప్పిన కుర్రవాడు తెర మీద డెబ్బై బొమ్మలు చూపించాడు. పులి పరుగెత్తింది, కారు పరుగెత్తింది. ఒక్క గేమూ ఆడి చూపించలేదు. ఆ నూట ఇరవై అంకె ప్యానెల్‌దా, మీరు కల్పించి వేసిందా అని నేను అడిగాను. ప్యానెల్ అంటే బొమ్మను చూపించే అసలు పలక. అది సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్నదే లెక్క, మిగతా అంకెలన్నీ పెట్టె మీద అలంకారం. కుర్రవాడు నవ్వి, "మంచి ప్రశ్న సార్, భోజనం తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. భోజనంలో రెండు రకాల బిర్యానీ పెట్టారు. తర్వాత అతనూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. నా ప్రశ్న ధర అదన్నమాట.

మా మేనేజర్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయి. మెడలో టై, చేతికి రొట్టెంత గడియారం. ఆ టీవీలు ఎక్కువ అమ్మిన షోరూం మేనేజర్‌ను కంపెనీ బ్యాంకాక్ పంపుతుందని తెలిసిన రోజు నుంచి ఆయనకు వేరే టీవీ కనిపించడం మానేసింది. ముసలమ్మ వచ్చి భక్తి చానల్ కోసం టీవీ అడిగినా అదే చూపించమనేవాడు.

"అమ్మకు గేమింగ్ ఎందుకు సార్?" అన్నాను ఒకసారి.

"ఆమెకు మనవడు లేడా కాకా? నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నవ్. అమ్ము."

అమ్మాను.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఆమె వచ్చింది. నలభై దాటిన మనిషి, కాటన్ చీర, భుజానికి గుడ్డ సంచి. చిట్కుల్ నుంచి వచ్చానంది. గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పదిహేనేళ్ళు పనిచేసిందట. కొత్త మిషన్ వచ్చి సెక్షన్ మొత్తాన్ని ఇంటికి పంపారు. వచ్చిన డబ్బుతో ఇంటి ముందర గదిలో గేముల సెంటర్ పెట్టాలని ఆమె ఆలోచన. చుట్టూ ఫ్యాక్టరీలు, కిరాయి గదుల్లో పెళ్ళికాని పనివాళ్ళు, రోడ్డుకు అవతల ఇంజనీరింగ్ కాలేజీ. షిఫ్టు దిగాక వాళ్ళకు కూర్చునే చోటు లేదు, తాగుడు తప్ప వేరే పని లేదు. ఆలోచన మంచిదే. అయిదు టీవీలు కావాలంది.

ఇన్ని విన్నాక కూడా నాకు మనసులో నవ్వే వచ్చింది. చీర కట్టుకున్న ఆడమనిషికి గేముల సంగతి ఏం తెలుస్తుందని. చిన్నచూపు అనేది అమ్మేవాడికి ఉచితంగా వచ్చే జబ్బు.

ఆమె గోడ ముందు నిల్చుంది. చిలుకల వైపు చూడలేదు. "సార్, ఒక్క ముచ్చట అడుగుత, ఏమనుకోకుండ్రి. నొక్కితే ఎంతసేపటికి దుంకుతది?"

"ఏంటమ్మా?"

"బటన్ నొక్కితే టీవీల బొమ్మ దుంకుతది కదా. ఎంతసేపటికి దుంకుతది? గేములు ఆడెటోళ్ళను అడిగిన. అదే ముఖ్యమన్నరు."

పదమూడేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. అడగాల్సిన ప్రశ్న కూడా అదొక్కటే. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడం ఎంత తేలిక. గేములాడించే పెట్టె, అదే కన్సోల్, తెచ్చి, రెండు టీవీలకు పెట్టి, ఆమె చేతనే నొక్కించి చూపించడం పావుగంట పని. కానీ మేనేజర్ మెట్ల దగ్గర నిలబడి గడియారం తిప్పుకుంటున్నాడు.

"వెంటనే దూకుతుందమ్మా," అన్నాను. "దీని మీద చూడు, గేమింగ్ అనే రాసి ఉంది."

ఆమె స్టిక్కరు కేసి చూసింది, నా కేసి చూసింది. "మీరు టీవీల రిపేరు చేసినోళ్ళంట కదా. కింద చెప్పిండ్రు."

"పద్దెనిమిదేళ్ళు చేశానమ్మా."

"అయితే ఇగ మీ మాటే," అంది.

ఆమె మొదట చూపించింది కింది వరుసలో మూలకున్న మామూలు టీవీని. పేరున్న మోడల్ కాదు, స్టిక్కరు లేదు, ధర కూడా మూడో వంతు తక్కువ. నేనే ఆమెను దాని ముందు నుంచి పక్కకు తెచ్చి, ఎర్ర గీతలవి అయిదు అంటగట్టాను. మేనేజర్ ఆ సాయంత్రం అందరికీ సమోసాలు తెప్పించాడు. నేను రెండు తిన్నాను.

మూడు వారాలకు ఆమె మళ్ళీ వచ్చింది. గొంతు లేపలేదు, అదే నాకు ఇబ్బందయింది. గొంతు లేపే కస్టమర్లకు మా దగ్గర మందు ఉండేది, కూల్‌డ్రింక్ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్ళం.

"సార్, బొమ్మ లేటుగ దుంకుతుంది. ఆడెటోళ్ళు మొదటి వారం వచ్చిండ్రు, రెండో వారం సగమైండ్రు. ఇప్పుడు ఇస్నాపూర్‌ల ఇంకో సెంటర్‌కు పోతుండ్రు. పైసలు నీళ్ళల్ల పోసినవని మా ఇంటాయన రోజు అంటుండు."

మేనేజర్ సర్వీసువాడిని పంపాడు. ఆ సర్వీసు కుర్రవాడి గురించి రెండు మాటలు చెప్పాలి. చెడ్డవాడు కాదు. రోజుకు పన్నెండు ఇళ్ళు తిరగాలి, ఒక్కో ఇంట్లో పావుగంట. వెళ్ళి టీవీ ఆన్ చేసి, బొమ్మ వస్తోంది, శబ్దం వస్తోంది అని చూసి, ఏ లోపం లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టించుకుని వచ్చేవాడు. చనిపోయిన మనిషి దగ్గరికి పంపినా, కళ్ళు తెరిచే ఉన్నాయి కాబట్టి లోపం లేదని రాసి ఉండేవాడు. ఆమె దగ్గర కూడా అదే రాశాడు. ఆమె సంతకం పెట్టలేదు. ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మీరు ఒక్కసారి వచ్చి సూడుండ్రి సార్. మీరు అన్న మాట మీదనే తీస్కున్న."

మేనేజర్ నవ్వాడు. "వాళ్ళకు ఆడనీకి రాదు కాకా. ఓడిపోయి టీవీ మీద పెడుతుండ్రు. పోకు, పోతే తప్పు ఒప్పుకున్నట్టయితది."

నాకు మంగళవారం సెలవు. ఆ మంగళవారం మధ్యాహ్నం బండేసుకుని చిట్కుల్ వెళ్ళాను. ధర్మబుద్ధితో వెళ్ళాననుకోకండి. ఆమెకు ఆడటం రాదని నా కళ్ళతో చూసి, నిశ్చింతగా ఉండాలని వెళ్ళాను.

ముందర గది శుభ్రంగా సున్నం వేసి ఉంది. గోడకు అయిదు టీవీలు, ఎదురుగా అయిదు కుర్చీలు. ఒక్కటే నిండింది. అందులో ఒరిస్సా నుంచి వచ్చిన పనివాడు ఒకడు, పాశమైలారంలో ఏదో ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి, చేతిలో బటన్ల కంట్రోలర్ పట్టుకుని పళ్ళు కొరుకుతున్నాడు. నన్ను చూసి ఎవరో తెలియకుండానే మొర పెట్టుకున్నాడు. "దేఖో భయ్యా. నొక్కిన. గుంత దగ్గర నొక్కిన. ఈడు గుంతల పడి సచ్చినంక దుంకుతడు."

ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కంట్రోలర్ ఇచ్చింది. నేను నొక్కాను. నాకేమీ తేడా తెలియలేదు. బొమ్మ దూకింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"బాగానే దూకుతోంది కదమ్మా."

ఆమె లోపలి గదిలోంచి పాత టీవీ ఒకటి మోసుకొచ్చింది. ఆ ఇంట్లో వాళ్ళు ఎన్నేళ్ళుగానో సీరియళ్ళు చూసుకునే చిన్న టీవీ. దానికి వైరు మార్చింది. "ఇప్పుడు నొక్కుండ్రి."

ఈసారి నొక్కగానే బొమ్మ నా వేలికి కట్టేసినట్టు లేచింది. నా వేలికే తెలిసింది తేడా. కంటికి అప్పటికీ సరిగ్గా తెలియలేదు.

"మీకు మొదట్ల తెలవలేదు కదా," అంది. "నాకు తెలిసింది. నేను పదిహేనేండ్లు బెల్ట్ ముందల నిల్చున్న సార్. గోలీల స్ట్రిప్పులు గట్ల ఉరుకుతుంటయి. ఒక్క స్ట్రిప్పుల ఒక్క గోలి లేకున్న పట్టి పక్కకు తియ్యాలె. తియ్యకపోతే జీతం కట్. నాకు ఆడరాదు. సూసుడైతే వచ్చు."

నా ఫోనులో నిదానంగా చూపించే వీడియో సౌకర్యం ఉంది. సెకనుకు రెండు వందల నలభై బొమ్మలు తీస్తుంది. కంట్రోలర్ మీద వేలు, వెనక తెర రెండూ కనిపించేలా పెట్టి తీశాను. వేలు దిగినప్పటి నుంచి బొమ్మ కదిలేదాకా ఒక్కొక్కటే లెక్కపెట్టాను. పాత టీవీలో ఇరవై రెండు. ఎర్ర గీతల టీవీలో యాభై. గేమ్ మోడ్ అని మెనూలో ఉన్నది ఆన్ చేసి మళ్ళీ తీశాను. యాభైకి యాభై. రంగులు మాత్రం కాస్త ముదిరాయి.

సంగతి చిన్నదే. కొత్త టీవీ తనకు వచ్చిన ప్రతి బొమ్మకూ పౌడరు రాసి, బొట్టు పెట్టి, జడ వేసి గానీ బయటకు పంపదు. చిలుకకు అది అందం. గేము ఆడేవాడికి ఆ ముస్తాబయ్యే లోపల గొయ్యి వచ్చేస్తుంది. నిజమైన గేమ్ మోడ్ అంటే ఆ ముస్తాబు మానేసి బొమ్మను ఉన్నదున్నట్టు పంపడం. కంపెనీవాళ్ళు ఆ పేరు పెట్టారు, పని పెట్టలేదు. పద్దెనిమిదేళ్ళు టీవీలు విప్పిన నేను ఈ మాట మొదటి రోజే ఊహించగలిగేవాణ్ణి. హోటల్లో అడిగిన ప్రశ్న కూడా దీని పక్కదే. ఊహించకపోవడం తెలివి తక్కువై కాదు, సౌకర్యంగా ఉండి.

ఆమె టీ ఇచ్చింది.

మర్నాడు మేనేజర్‌కు ఫోనులో వీడియో చూపించాను. ఆయన పూర్తిగా చూడలేదు. "యాభై ఏంది, ఇరవై రెండేంది కాకా? కండ్లు మూసి తెరిచేంత సేపు లేదు. వాపసు తీస్కుంటే అయిదు కట్టింగ్. నా లెక్కల నుంచి అయిదు పోతయి. ఈ నెల అయిపోనీ." ఆ తర్వాత కాస్త మెత్తబడి, "వచ్చే వారం మన రీజనల్ ఆఫీసర్ సార్ వస్తుండు, గేమింగ్‌ల పెద్ద సైజు టీవీ లాంచింగ్ ఉన్నది. అదైనంక సూద్దాం," అన్నాడు. ఏదో ఒకటి అయ్యాక చూద్దామనేది మా షోరూంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన సరుకు.

ఇక్కడే నేను చేసిన ఇంకో పని చెప్పుకోవాలి. అది గొప్పదో నీచమో ఇప్పటికీ నాకు తేలలేదు.

లాంచింగ్‌కు ముందురోజు మేనేజర్ నన్ను పిలిచి, "రేపు చిలుకలు బంద్ కాకా. గోడ మొత్తం గేమే ఉండాలె. ఇరవై నాలుగు టీవీల మీద ఒకటే గేమ్. నడిమిట్ల మన పెద్ద గేమింగ్ టీవీ. సార్ మెట్లెక్కంగనే దిమాక్ ఖరాబ్ కావాలె," అన్నాడు. ఆయన ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది. ఒకే కన్సోల్ నుంచి ఇరవై నాలుగు టీవీలకూ ఒకే బొమ్మ పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. వద్దని ఒక్క మాట చెబితే ఆగిపోయేవాడు. "అట్లే సార్," అన్నాను. మెట్ల కిందికి వచ్చి ఆమెకు ఫోన్ చేశాను. "రేపు పదకొండుకు రా అమ్మా. వేరే ఏం వద్దు, చూడటానికి వచ్చినట్టే రా."

మర్నాడు రిబ్బన్లు, బెలూన్లు. రీజనల్ ఆఫీసర్ యాభై ఏళ్ళ పొడుగాటి మనిషి, మాట తక్కువ. ఆయన చేతికి పూలగుత్తి ఇచ్చి, కంట్రోలర్ ఇచ్చి, ఒకసారి ఆడమన్నారు. ఆయన రెండుసార్లు ఎటో నొక్కి, ఫోటో దిగి ఇచ్చేశాడు. ఫోటో కోసం నొక్కినవాడు తెర చూడడు కదా, ఏమీ కనిపించలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. తెల్లాపూర్ నుంచి వచ్చిన దంపతులు పెద్ద టీవీకి బిల్లు రాయించుకుంటున్నారు. మేనేజర్ మైకు పట్టుకుని, "ఎవలన్న రావచ్చు, ఎవలన్న ఆడొచ్చు," అన్నాడు.

ఆమె ముందుకొచ్చింది. మేనేజర్ గుర్తుపట్టేసరికి కంట్రోలర్ ఆమె చేతిలో ఉంది. కస్టమర్ల ముందు లాక్కోలేడు.

ఆమె నడిమి టీవీని చూడలేదు. నాలుగు అడుగులు వెనక్కి వచ్చి, గోడ మొత్తం కనిపించేలా నిల్చుంది. బెల్ట్ ముందు నిల్చున్నట్టే, రెండు కాళ్ళూ కొంచెం ఎడంగా. ఒక్కసారి నొక్కింది.

కింది వరుస మూలన ఉన్న మామూలు టీవీలో బొమ్మ మొదట దూకింది. దాని పక్కవి రెండు, పై వరుసలో కొన్ని, కుడి వైపువి. చర్చిలో పాట ఎత్తుకున్నప్పుడు ముందు బెంచీవాళ్ళు పాడేసిన మాటను వెనక బెంచీవాళ్ళు సాగదీసి అందుకుంటారు చూడండి, అట్లా గోడంతా అల పాకినట్టు పాకింది. అన్నీ దూకి, మూల టీవీలో బొమ్మ కిందికి దిగడం మొదలయ్యాక, నడిమిట్ల పెద్ద టీవీలో బొమ్మ నింపాదిగా లేచింది.

మొదటిసారి ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ నొక్కింది. మూడోసారికి ఎవరో నవ్వారు. నాలుగోసారికి అందరూ నడిమి టీవీ కోసమే ఎదురుచూస్తున్నారు, పెళ్ళికి ఆఖరున వచ్చే చుట్టం కోసం చూసినట్టు.

"సార్," అంది ఆమె, రీజనల్ ఆఫీసర్ వైపు తిరిగి. "నడిమిట్ల దానికి గేమింగ్ అని రాసుంది. గదే ఆఖరుకు దుంకుతుంది. మూలకున్నది ముందుగల్ల దుంకుతుంది. ఎందుకో జెర చెప్పుండ్రి. నేను నడిమిటి రకంవి అయిదు కొన్న."

ఆయన మేనేజర్ వైపు చూశాడు. "ఏంటండీ ఇది? వైరు సమస్యా?"

మేనేజర్ నా చెవి దగ్గరికి వచ్చి, "కేబుల్ ప్రాబ్లమని చెప్పు కాకా," అన్నాడు.

నేను వీరుడిలా నిజం చెప్పేశానని రాస్తే బాగుంటుంది. అలా జరగలేదు. పదమూడేళ్ళ అలవాటు, మాట దానంతటదే వచ్చింది. "కేబుల్..." అన్నాను. అప్పుడు ఆమె నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. బెల్ట్ మీద వస్తున్న స్ట్రిప్పును చూసినట్టు చూసింది, ఇందులో గోలి ఉందా లేదా అని.

"కేబుల్ బాగనే ఉంది సార్," అన్నాను. "టీవీనే గంత. గేమ్ మోడ్ ఆన్ చేసే పెట్టిన. అయినా గంతే."

"మీకెలా తెలుసు?"

మూల టీవీ వైరు తీసి పెద్దదానికి, పెద్దదాని వైరు మూలదానికి పెట్టాను. ఆమె నొక్కింది. మూలదే ముందు దూకింది. బిల్లు దగ్గర ఉన్న తెల్లాపూర్ ఆయన పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకోవడం నాకు కనిపించింది. ఆయన భార్య మూల టీవీ ధర ఎంతని అడిగింది.

రీజనల్ ఆఫీసర్ నన్ను పక్కకు పిలిచాడు. "ఈ సంగతి ఎప్పటి నుంచి తెలుసు మీకు?"

"వారం రోజుల సంది సార్."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పిన సార్. మేనేజర్ సారుకు వీడియో కూడ చూపెట్టిన."

మేనేజర్ గడియారం చూసుకున్నాడు. అంత పెద్ద గడియారంలో టైము వెతుక్కోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రమే ఆమె టీవీలు అయిదూ వెనక్కి తీసుకోమని చెప్పారు. కస్టమర్ సంతృప్తి కోసం అని కాగితం మీద రాశారు. తప్పు మాదని ఎక్కడా లేదు. మారు టీవీలు ఆమే ఎంచుకుంది. మోడల్ పేర్లు అడగలేదు, అంగుళాలు అడగలేదు. నా చేత ఒక్కో టీవీకి కన్సోల్ పెట్టించి, ఒక్కో దాన్ని పదిసార్లు నొక్కి చూసి, మూలన ఉన్న రకమే అయిదు తీసుకుంది. గంటన్నర పట్టింది. మొదటి రోజు నేను మిగుల్చుకున్న పావుగంటకు అది వడ్డీ.

ఇక మంచికి మంచి జరిగిందని మీరు అనుకుంటే, ఏ షోరూంలోనూ మీరు పనిచేయలేదన్నమాట. మేనేజర్ బ్యాంకాక్ వెళ్ళాడు. ఈ అయిదు పోయినా పక్క షోరూం కన్నా రెండు టీవీలు ఎక్కువే అమ్మి ఉన్నాడు. తిరిగొచ్చాక ఏరియా మేనేజర్ అయ్యాడు. కంపెనీ ఆ టీవీలను ఆపలేదు. పెట్టె మీద గేమింగ్ అనే మాట తీసేసి, సినిమా అని వేసింది. లోపల అదే పలక. సర్వీసు కుర్రవాడు ఇప్పటికీ ఏ లోపం లేదని రాస్తూనే ఉన్నాడు. నన్ను పై అంతస్తుకు మిక్సీల దగ్గరికి మార్చారు. వయసైంది, కళ్ళకు విశ్రాంతి కావాలన్నారు. మిక్సీ నిజాయితీ గల వస్తువు, నొక్కిన వెంటనే తిరుగుతుంది. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

రిటైరైన నెలకు చిట్కుల్ మీదుగా పోతూ ఆమె సెంటర్ దగ్గర బండి ఆపాను. అయిదు కుర్చీలూ నిండి ఉన్నాయి. బయట బల్ల మీద యూనిఫారాల్లో ఆరేడుగురు ఎదురుచూస్తున్నారు. అప్పుడు పళ్ళు కొరుకుతూ కనిపించిన ఒరిస్సా అతను ఇప్పుడు అందరికన్నా బాగా ఆడతాడట, కొత్తవాళ్ళకు పక్కన నిలబడి నేర్పుతున్నాడు. నిజం చెప్పాలంటే, ఆమె నాలుగు మంచి మాటలు అంటుందని వెళ్ళాను. నా ఉద్యోగం మిక్సీలకు దిగింది కదా, ఆమె కోసమే దిగినట్టు నా మనసులో ఒక కథ తయారై ఉంది.

ఆమె మంచినీళ్ళిచ్చింది. ఒక కుర్చీ ఖాళీ కాగానే కూర్చోమంది. ఆడుతూ, మాటవరసకన్నట్టు, "ఆ రోజు చెప్పేసి మంచి పనే చేసినం కదమ్మా," అన్నాను.

"మీరు ఆ రోజు చెప్పింది నిజమే సార్. కాని పదిమంది ముందల నేను నిల్చుంటే చెప్పిండ్రు. మొదటి దినం మనం ఇద్దరమే ఉంటిమి. అప్పుడు చెప్తే నాకు మూడు వారాలు మిగిలేటియి."

తెర మీద నా బొమ్మ గొయ్యిలో పడింది. టీవీ తప్పు కాదు, నేను సరైన సమయానికి నొక్కలేదు.

మళ్ళీ మొదలుపెట్టబోతుంటే ఆమె గోడ గడియారం చూసి, నా భుజం పక్క నుంచి చెయ్యి చాపి కంట్రోలర్ తీసుకుంది.

"మీ టైం అయిపోయింది సార్. లేవుండ్రి, షిఫ్టోళ్ళు నిల్చున్నరు."

లేచి చోటిచ్చాను.